తూనీగ ముఖం మొత్తం షార్ప్‌గా రావాలంటే: ఫోకస్ స్టాకింగ్ అసలు ఎలా పనిచేస్తుంది

డిసెంబరు చలిలో తెల్లవారి ఆరింటికి చెరువు గట్టు మీదికి వెళ్తే జమ్ము ఆకుని పట్టుకుని నిద్రపోతున్న తూనీగ కనిపిస్తుంది. ఒళ్ళంతా మంచు బిందువులు. కదలదు, మెదలదు. మాక్రో లెన్స్‌తో (చిన్నవాటిని బాగా దగ్గరి నుంచి పెద్దగా తీసే లెన్స్) బాగా దగ్గరికి వెళ్ళి, కంటి మీద జాగ్రత్తగా ఫోకస్ చేసి ఫోటో తీస్తాం. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూసుకుంటే కంటి ముందు భాగంలో ఒక సన్నటి పట్టీ మాత్రమే అద్దంలా ఉంటుంది. నోటి దగ్గరి వెంట్రుకలు మసక, కంటి వెనక భాగం మసక, మెడ ఉందో లేదో కూడా తెలియదు. తూనీగ ఒక్కో కంట్లో 30 వేల వరకు చిన్న చిన్న గళ్ళు ఉంటాయి, మనం అంత పొద్దున్నే లేచి వెళ్ళింది వాటి కోసమే, తీరా చూస్తే అవి ఒక మూల మాత్రమే వచ్చాయి.

దీనికి మందు ఫోకస్ స్టాకింగ్ అని అందరూ చెప్తారు. చాలా ఫోటోలు తియ్యి, సాఫ్ట్‌వేర్‌లో పడెయ్యి, అదే కలిపేస్తుంది అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను, వారాల తరబడి చెత్త ఫోటోలే వచ్చాయి. ఎక్కడ పోతోందో అర్థం కావాలంటే లెన్స్ లోపల ఏం జరుగుతోందో కాస్త తెలియాలి, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

దగ్గరికి వెళ్ళేకొద్దీ ఫోకస్‌లో ఉండే మందం ఎంత దారుణంగా తగ్గిపోతుందో అంకెల్లో చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 1:1 దగ్గర, అంటే 8 మి.మీ. తల సెన్సర్ మీద కూడా 8 మి.మీ. గానే పడేంత దగ్గర్లో, ఎఫ్ 8 పెడితే (కాంతి వచ్చే లెన్స్ రంధ్రం, అంటే అపెర్చర్, ఎంత తెరిచి ఉందో చెప్పేది ఈ ఎఫ్ నంబరు, నంబరు పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) షార్ప్‌గా కనిపించే మందం సుమారు 1 మి.మీ. రూపాయి బిళ్ళ మందం కూడా లేదు. 2:1 కి, అంటే సెన్సర్ మీద రెట్టింపు సైజులో పడేంత దగ్గరికి వెళ్తే, అదే ఎఫ్ 8 దగ్గర 0.36 మి.మీ. అంటే మూడు నాలుగు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. 5:1 లో ఎఫ్ 2.8 దగ్గరైతే 0.04 మి.మీ., ఒక సన్నటి తలవెంట్రుక మందం. ఇవి కూడా కాస్త ఉదారంగా వేసిన లెక్కలే, సెన్సర్ మీద 0.03 మి.మీ. మసక దాకా పర్లేదు అనుకుంటే వచ్చేవి. పిక్సెల్ దాకా జూమ్ చేసి చూసే అలవాటున్న మనలాంటి వాళ్ళకి వీటిలో సగమే లెక్క.

కారణం మరీ కష్టమైనదేం కాదు. బొమ్మని పెద్దది చేస్తున్నప్పుడు మసకని కూడా దాంతో పాటే పెద్దది చేస్తున్నాం. పైగా పురుగు దగ్గరి నుంచి చూస్తే లెన్స్ చాలా వెడల్పుగా కనిపిస్తుంది, కాంతి బాగా వాలుగా వచ్చి ఒక బిందువు దగ్గర కలుస్తుంది, ఆ బిందువు నుంచి కొంచెం ముందుకో వెనక్కో జరిగినా వెంటనే విడిపోతుంది.

అయితే అపెర్చర్ బాగా మూసేస్తే సరిపోదా, ఎఫ్ 22 పెట్టేస్తే? అందరికీ మొదట తట్టేది ఇదే. ఇక్కడే మాక్రోలో ఒక మెలిక ఉంది. కెమెరాలో పెట్టిన ఎఫ్ నంబరు దూరంలో ఉన్న వాటికి సరైనదే గానీ, దగ్గరికి వచ్చేకొద్దీ నిజంగా పనిచేసే నంబరు పెరుగుతూ పోతుంది. మాగ్నిఫికేషన్‌కి (1:1 అయితే 1, 2:1 అయితే 2) ఒకటి కలిపి, దాంతో ఎఫ్ నంబర్‌ని గుణిస్తే అసలు నంబరు సుమారుగా వస్తుంది. అంటే 1:1 దగ్గర ఎఫ్ 8 అంటే నిజానికి ఎఫ్ 16. ఎఫ్ 22 అంటే ఎఫ్ 44! నికాన్ కెమెరాలు మాక్రో లెన్స్ పెట్టినప్పుడు ఈ మారిన నంబర్‌నే చూపిస్తాయి. 105 మి.మీ. ఎఫ్ 2.8 లెన్స్ కొని, దగ్గరికి వెళ్ళగానే స్క్రీన్ మీద 4.8 కనబడేసరికి లెన్స్ పాడైందేమో అని టెన్షన్ పడినవాళ్ళు చాలామంది. పాడవలేదు, అది నిజం చెబుతోంది.

ఇంత చిన్న రంధ్రంలోంచి దూరిన కాంతి అంచుల దగ్గర చెదిరిపోతుంది, దాన్నే డిఫ్రాక్షన్ అంటారు. ఒక్క చుక్కగా పడాల్సిన కాంతి చిన్న బిళ్ళలా పడుతుంది. అసలు ఎఫ్ నంబరు 44 అయినప్పుడు ఆ బిళ్ళ వెడల్పు సుమారు 0.06 మి.మీ. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక పిక్సెల్ 0.006 మి.మీ. ఉంటుంది, అంటే ప్రతి చుక్కా పది పిక్సెళ్ళ మేర అలుక్కుపోతుందన్నమాట. తూనీగ తలలో ఇంకాస్త ఎక్కువ భాగం ఫోకస్‌లోకి వస్తుంది, కానీ ఎక్కడా షార్ప్‌గా ఉండదు. కంటి గళ్ళు కలిసిపోయి పేస్టు పూసినట్టు కనిపిస్తాయి. ఎడిటింగ్‌లో షార్ప్‌నెస్ ఎంత పెంచినా తిరిగి రావు, ఎందుకంటే ఫైల్‌లో ఆ వివరమే లేదు.

మందం కోసం అపెర్చర్ మూస్తే వివరం పోతుంది, వివరం కోసం తెరిస్తే మందం పోతుంది. ఒక్క ఫోటోలో ఈ రెండూ కలిసి రావు. అది లెన్స్ ఖరీదుతో తీరే సమస్య కూడా కాదు.

స్టాకింగ్‌లో మనం చేసేదేమిటంటే, లెన్స్ ఎక్కడ బాగా పనిచేస్తుందో ఆ అపెర్చర్ దగ్గరే ఉండి, ఒక్కో ఫోటోలో ఒక్కో సన్నటి పొరని తీసుకుని, ఆ పొరలన్నీ తర్వాత కలుపుకోవడం. నేను 1:1 దగ్గర ఎఫ్ 5.6 కీ ఎఫ్ 8 కీ మధ్య ఉంటాను, 2:1 దగ్గర ఎఫ్ 4 కి గానీ ఎఫ్ 5.6 కి గానీ తెరుస్తాను. అసలు నంబరు 11 నుంచి 17 లోపు ఉండేలా చూసుకుంటే చాలు.

ఇప్పుడు అసలు కిటుకు, అడుగు ఎంత వెయ్యాలనేది. నా వారాలన్నీ ఇక్కడే పోయాయి. పొరకీ పొరకీ మధ్య ఖాళీ వదిలితే ఆ ఖాళీలో ఉన్న భాగం ఏ ఫోటోలోనూ షార్ప్‌గా ఉండదు, కలిపాక ముఖం మీద షార్ప్ చార, మసక చార, మళ్ళీ షార్ప్ చార, ఇలా తయారవుతుంది. ఈ తప్పుని సాఫ్ట్‌వేర్ సరిచేయలేదు, లేని పొరని అది ఎక్కడి నుంచి తెస్తుంది? ఒక ఉదయం అరగంట కష్టపడి తీసిన నలభై ఫోటోలూ ఇలా చారలు పడి పోయాయి, మళ్ళీ అలాంటి తూనీగ ఆ చలికాలంలో నాకు దొరకలేదు.

లెక్క ఇలా వేసుకోండి. 1:1 లో ఎఫ్ 5.6 దగ్గర, కాస్త కచ్చితంగా, అంటే పైన చెప్పిన సగం లెక్కలో చూస్తే, షార్ప్‌గా ఉండే మందం సుమారు 0.34 మి.మీ. పక్క పొరతో మూడో వంతు దాకా కలవాలి కాబట్టి అడుగు 0.23 మి.మీ. వెయ్యాలి. తూనీగ ముఖం ముందు నుంచి కళ్ళ వెనక అంచు దాకా 5 మి.మీ. అనుకుంటే 22 ఫోటోలు. అదే 2:1 లో ఎఫ్ 5.6 దగ్గర మందం 0.13 మి.మీ., అడుగు 0.09, ఫోటోలు 56. మైక్రోస్కోప్ లెన్స్ పెట్టి 10 రెట్లకి వెళ్ళేవాళ్ళకి అడుగు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు, అందుకే వాళ్ళ ఫోటోలు వందల్లోకి పోతాయి.

కెమెరాలోనే ఫోకస్ బ్రాకెటింగ్, అంటే ఫోకస్‌ని కొంచెం కొంచెం జరుపుతూ కెమెరానే వరసగా ఫోటోలు తీసే సదుపాయం ఉన్నవాళ్ళకి (నికాన్‌లో 2017 నాటి డి850 తో వచ్చింది, కానన్‌లో 2019 నాటి ఆర్‌పీ తో, ఒలింపస్‌లో అంతకంటే ముందే) ఇంకో చిక్కు ఉంది. మెనూలో అడుగు 1 నుంచి 10 వరకు అని ఉంటుంది, ఆ ఒకటి అంటే ఎన్ని మిల్లీమీటర్లో ఎక్కడా రాయరు. దీనికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. స్కూలు స్కేలుని 45 డిగ్రీల వాలుగా నిలబెట్టి మీ లెన్స్‌తో, మీరు వాడే అపెర్చర్‌తో వరసగా పది ఫోటోలు తియ్యండి. స్కేలు మీద షార్ప్‌గా ఉన్న పొడవుని 0.7 తో గుణిస్తే మీ మందం వస్తుంది, ఒక ఫోటో నుంచి ఇంకో ఫోటోకి ఆ షార్ప్ చోటు ఎంత జరిగిందో చూసి దాన్నీ 0.7 తో గుణిస్తే మీ అడుగు వస్తుంది. అరగంట పని, ఒక చీటీ మీద రాసుకుని కెమెరా బ్యాగులో పెట్టుకుంటే ఇక పొలం గట్టు మీద ఊహించుకునే పని ఉండదు. సందేహం ఉన్నప్పుడు అడుగు చిన్నదే వెయ్యండి. ఫోటోలు ఎక్కువైతే కార్డు నిండుతుంది అంతే.

ఫోకస్ రింగ్ తిప్పాలా, కెమెరానే పట్టాల మీద ముందుకు జరపాలా అని తెగ వాదనలు జరుగుతాయి. నా మాటైతే 1:1 దాకా రింగ్ (లేదా కెమెరాలోని బ్రాకెటింగ్), అది దాటితే మాక్రో రైల్ (స్క్రూ తిప్పి కెమెరాని కొంచెం కొంచెంగా జరిపే పట్టా). రింగ్ తిప్పినప్పుడు బొమ్మ సైజు కొంచెం మారుతుంది, దాన్ని సాఫ్ట్‌వేర్ సులువుగా సరిచేస్తుంది. కెమెరానే జరిపితే మనం చూసే చోటు మారుతుంది కాబట్టి ముందున్న కాలు వెనకున్న ఆకుని దాచే తీరు ఫోటో ఫోటోకీ మారిపోతుంది, అది సరిచేయడం కష్టం. కానీ 1:1 దాటాక అడుగులు ఎంత చిన్నవంటే రింగ్‌ని వేలితో అంత కొంచెం తిప్పడం మనిషి వల్ల కాదు, రైల్ స్క్రూ అయితేనే లొంగుతుంది. ఏది వాడినా ఫ్రేము చుట్టూ కాస్త చోటు వదలండి, బొమ్మలు ఒకదానిమీద ఒకటి సర్దుకునేటప్పుడు అంచులు పోతాయి.

తీసేటప్పుడు మిగతావన్నీ చకచకా చెప్పేస్తాను. మోడ్ మాన్యువల్, ఐఎస్ఓ కదలకూడదు, వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉండకూడదు, ఒక ఫోటో పచ్చగా ఇంకోటి నీలంగా వస్తే కలిపినప్పుడు మచ్చలు పడతాయి. ట్రైపాడ్ మీద ఉంటే స్టెబిలైజేషన్ ఆపేయండి. ఫ్లాష్ వాడితే పవర్ 1/16 కి గానీ అంతకంటే తక్కువకి గానీ పెట్టుకోండి, ఎక్కువైతే మధ్యలో ఛార్జ్ అందక ఒక్క ఫ్రేము చీకటిగా వచ్చి వరస మొత్తం చెడుతుంది. ఫ్లాష్ ముందు వెలుగుని మెత్తబరిచే పెద్ద డిఫ్యూజర్ తప్పనిసరి, థర్మాకోల్ షీటో ట్రేసింగ్ పేపరో అయినా సరే. చెరువు గట్టు మెత్తటి మట్టిలో ట్రైపాడ్ కాళ్ళు మెల్లగా దిగబడుతుంటాయి, గట్టిగా నొక్కి, ఒక నిమిషం ఆగి అప్పుడు మొదలుపెట్టండి.

గాలి గురించి మాత్రం నెమ్మదిగా చెప్పాలి. 1:1 దగ్గర ఆకు ఒక మిల్లీమీటరు ఊగితే సెన్సర్ మీద బొమ్మ ఒక మిల్లీమీటరు జరుగుతుంది, అంటే అక్కడున్న వందన్నర పిక్సెళ్ళకి పైగా. పక్కకి ఊగితే సాఫ్ట్‌వేర్ సర్దుకుంటుంది. మన వైపుకి ఊగితే మాత్రం మూడు నాలుగు పొరలు ఎగిరిపోతాయి, మళ్ళీ అవే చారలు. అందుకే సూర్యుడు రాకముందు, గాలి లేవకముందు వెళ్ళాలి. చాలా పురుగులు మనలాగా రాత్రంతా ఒంటిని వెచ్చగా ఉంచుకోలేవు, చలికి కండరాలు బిగుసుకుని ఎండ తగిలేదాకా పెద్దగా కదలవు, మనకి దొరికే సమయం అదే. ఆకు కాడ పక్కనే ఇంకో పుల్ల గుచ్చి బట్టలకి పెట్టే క్లిప్‌తో రెండూ కలిపితే ఊగడం చాలావరకు ఆగుతుంది. క్లిప్ మెల్లగా పెట్టాలి, లేకపోతే తూనీగ లేచిపోతుంది. జిల్లేడు మొక్క దీనికి భలే అనువుగా ఉంటుంది, కాండం గట్టిది, ఆకులు మందం, గాలికి అంతగా ఊగదు, పువ్వు కూడా మైనంతో చేసినట్టు ఉండి స్టాక్ నేర్చుకోవడానికి చక్కగా సరిపోతుంది. కొత్తవాళ్ళు పురుగు జోలికి పోకుండా ముందు రెండు వారాలు జిల్లేడు పువ్వులు, వానాకాలమైతే పుట్టగొడుగులు తీస్తే చేయి కుదురుతుంది.

ట్రైపాడ్ లేకుండా కూడా స్టాక్ తీస్తారు. మోచేతులు నేలకి ఆనించి, ఎడమ చేత్తో ఆకునీ లెన్స్‌నీ కలిపి పట్టుకుని, బర్స్ట్‌లో (బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఫోటోలు తీసే మోడ్) పెట్టి ఒంటిని మెల్లగా ముందుకి వంచుతూ పది పదిహేను ఫోటోలు. అడుగులు సమానంగా రావు, కొన్ని పొరలు రెండేసి సార్లు వస్తాయి, కొన్ని పోతాయి. అయినా గంతులేసే చిన్న సాలెపురుగు లాంటిది రెండు క్షణాలు ఆగి మన వైపు చూసినప్పుడు ట్రైపాడ్ వేసుకునే వ్యవధి ఎక్కడిది? దాని ఎదురుగా ఉండే రెండు పెద్ద కళ్ళు, వాటి చుట్టూ వెంట్రుకలు, ఈ ఐదారు పొరలు దొరికినా చాలు.

ఇంటికొచ్చాక సాఫ్ట్‌వేర్. రిక్ లిటిల్‌ఫీల్డ్ తయారుచేసిన జెరీన్ స్టాకర్, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ వాళ్ళ హెలికాన్ ఫోకస్, ఈ రెండూ దీనికోసమే పుట్టినవి. ఫోటోషాప్‌లో కూడా లేయర్లన్నీ ముందు అలైన్ చేసి తర్వాత బ్లెండ్ చేస్తే అవుతుంది, పది పదిహేను ఫోటోల దాకా బాగానే చేస్తుంది. డబ్బు పెట్టలేని వాళ్ళకి పనోరమాలు అతికే హ్యూగిన్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ఎన్‌ఫ్యూజ్ ఉచితం, కాకపోతే కమాండ్లు టైపు చేసే ఓపిక కావాలి.

ఇవన్నీ లోపల చేసే పని ఒకటే. ప్రతి చోటా పక్కపక్క పిక్సెళ్ళ మధ్య తేడా ఏ ఫోటోలో ఎక్కువగా ఉందో చూస్తాయి. మసక ఉన్నచోట పక్క పిక్సెల్ దాదాపు ఒకేలా ఉంటుంది, షార్ప్‌గా ఉన్నచోట తేడా గట్టిగా ఉంటుంది. కలపడంలోనే రెండు దారులు. మొదటిది డెప్త్ మ్యాప్: ఈ చోటుకి 14వ ఫోటో, ఆ చోటుకి 15వ ఫోటో అని ఒక పటం గీసుకుని అక్కడక్కడి పిక్సెళ్ళని అలాగే తెచ్చుకుంటుంది. రంగులు సహజంగా, నునుపైన రెక్కలు నునుపుగా వస్తాయి. రెండోది పిరమిడ్ పద్ధతి: ఫోటోని సన్నటి వివరాలు, మోస్తరు వివరాలు, పెద్ద ఆకారాలు అని మెట్లుగా విడదీసి, ఏ మెట్టులో ఏ ఫోటో బలంగా ఉందో దాన్ని తీసుకుని మళ్ళీ పేరుస్తుంది. ఒకదాని మీదుగా ఒకటి పోయే వెంట్రుకలని ఇది అద్భుతంగా పట్టుకుంటుంది, బదులుగా నాయిస్ (ఇసక చల్లినట్టు కనిపించే గరుకుదనం) పెంచుతుంది, కాంట్రాస్ట్ కాస్త కృత్రిమంగా చేస్తుంది. ఏది మంచిదని అడిగితే రెండూ చేయమంటాను. డెప్త్ మ్యాప్‌ని అడుగున పెట్టుకుని, వెంట్రుకలూ కాళ్ళూ అడ్డంగా పోయేచోట పిరమిడ్ నుంచి బ్రష్‌తో తెచ్చుకోవాలి.

ఆ వెంట్రుకల చుట్టూ వచ్చే మసక వలయం మాత్రం అందరినీ ఏడిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ సరిగ్గా చేయలేదని తిట్టుకుంటాం గానీ తప్పు దానిది కాదు. తూనీగ ముఖం మీద ముందుకు పొడుచుకొచ్చిన వెంట్రుక ఒకటి, దాని వెనక 3 మి.మీ. దూరంలో కన్ను అనుకోండి. వెంట్రుక మీద ఫోకస్ చేసినప్పుడు కన్ను మసక. సరే, కంటి మీద ఫోకస్ చేసినప్పుడు? వెంట్రుక మసకైపోయి, దాని అసలు వెడల్పుకి ఎన్నో రెట్లు పరుచుకుని, ఒక పలుచటి తెరలా కంటి మీద పడుతుంది. అంటే వెంట్రుకని ఆనుకుని ఉన్న ఆ కాస్త కంటి భాగం ఏ ఒక్క ఫోటోలోనూ శుభ్రంగా లేదు. ఇక సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలి? ఉన్నవాటిలో తక్కువ మసకది తీసుకుంటుంది, అదే వలయం. ముందూ వెనకా దూరం ఎంత ఎక్కువైతే వలయం అంత పెద్దది. అందుకని తీసేటప్పుడే ఒక పక్క నుంచి, వెంట్రుకలూ మీసాలూ కంటికి అడ్డం రాని కోణం వెతుక్కుంటే తర్వాత గంటల కొద్దీ బ్రష్ పని తప్పుతుంది. అడ్డం తప్పదనుకుంటే అపెర్చర్ ఒక మెట్టు మూస్తే తెర కాస్త చిన్నదవుతుంది, కొంచెం వివరం వదులుకోవాలి.

ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. తూనీగ మెడ దాటి, జమ్ము ఆకు దాటి, వెనక గడ్డి దాకా పొరలు తీసుకుంటూ పోతే ఫోటో అంతా ఒకే పలక మీద అతికించినట్టు అయిపోతుంది, కన్ను ఎక్కడ నిలవాలో తెలియదు. స్టాక్‌తో వచ్చే పెద్ద లాభం వెనకభాగం మెత్తగా ఉండడమే. ఎఫ్ 16 తో ఒక్క ఫోటో తీసినప్పుడు వెనక గడ్డి పరకలు గజిబిజిగా కనిపిస్తాయి, ఎఫ్ 5.6 తో స్టాక్ చేస్తే తల మొత్తం షార్ప్‌గా ఉండి గడ్డి వట్టి ఆకుపచ్చ రంగుగా కరిగిపోతుంది. నేను సాధారణంగా కళ్ళ వెనక అంచు దాటి రెండు మూడు ఫోటోలు తీసి ఆపేస్తాను, రెక్కల మొదళ్ళు మెల్లగా మసకలోకి జారిపోనిస్తాను.

ఇంటర్నెట్‌లో కనిపించే నోరెళ్ళబెట్టే పురుగుల ఫోటోలు చూసి మన తూనీగ అలా రాలేదని బాధపడకూడదు. అమెరికా జియోలాజికల్ సర్వే వాళ్ళ తేనెటీగల ల్యాబ్ ఫోటోలు గానీ, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మ్యూజియంలోని పురుగులని లెవన్ బిస్ తీసిన ఫోటోలు గానీ, అవన్నీ భద్రపరిచిన చనిపోయిన పురుగులు. బిస్ ఒక్కో పురుగుకి 8 వేలకు పైగా ఫోటోలు తీసి కలిపాడు. అది స్టూడియో పని, దాని విలువ దానిది, ఆ సంగతి వాళ్ళే బయటికి చెప్తారు. నాకు కోపం వచ్చేది వేరే వాళ్ళ మీద, బతికున్న పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబారాక ఆకు మీద పెట్టి తీసి, అడవిలో దొరికిందని రాసేవాళ్ళ మీద. అలా చల్లబరిస్తే కొన్ని మళ్ళీ కోలుకోవు. ఎక్కువ రెట్లలో నేర్చుకోవాలని ఉంటే తొలకరి వానలప్పుడు లైటు చుట్టూ తిరిగి పొద్దున్నకి కిటికీ గట్టు మీద చచ్చిపడి ఉండే ఉసిళ్ళు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, వాటి రెక్కల ఈనెలు తీసి చూడండి, ఎంత బాగుంటాయో. కింద మాత్రం చనిపోయిన పురుగు అని రాయండి.

మళ్ళీ చెరువు గట్టుకి వస్తే, స్టాక్ ఎప్పుడూ ముందు నుంచే మొదలుపెట్టండి. తూనీగ ముఖంలో మనకి ఎక్కువ దగ్గరగా ఉన్న వెంట్రుక కంటే ఒక అడుగు ముందు నుంచి. ఎండ గట్టు మీదికి రాగానే అది రెక్కలని సన్నగా వణికించడం మొదలుపెడుతుంది, కండరాలు వేడెక్కించుకుంటోందన్నమాట, ఇక ఎప్పుడైనా లేచిపోతుంది. అప్పటికి పదిహేనో ఫోటో దగ్గరే ఉన్నా కళ్ళలో చాలా భాగం వచ్చేసి ఉంటుంది. అడ్డంగా వెళ్ళి దాన్ని ఇంకాసేపు ఆపాలని చూడకండి, ఆ పదిహేనూ కలుపుకోండి.